పక్కకి జరుగు

"ఇంట్లో కూర్చుని చేసే పనేగా, ఓ ఆదివారం పూట చాల్లే," అంటూ పాత వీడియోలున్న హార్డ్‌డిస్కును నేను తరుగుతున్న బంగాళాదుంపల పక్కన పెట్టాడు మా ఆయన. అత్తగారు, మామగారి పెళ్ళయి యాభై ఏళ్ళవుతోంది. చుట్టాలందరూ వస్తారు. అప్పుడు గోడ మీద వేసి చూపించడానికి చిన్న సినిమా కావాలి. "షూటింగంతా నాదే. నువ్వు కాస్త అతికిస్తే అయిపోతుంది. మధ్యలో నా గొంతు వినపడితే తీసేసి ఏదైనా సంగీతం పెట్టు," అన్నాడు.

అతికించడం అన్న మాటకు నాకు నవ్వొచ్చింది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ నా ఉద్యోగం అదేగా. ఊడిన గుండీ అయినా, పగిలిన బొమ్మయినా, కొడుకు మీద అలిగి గదిలో కూర్చున్న మామగారయినా నా చేతికే వస్తారు. బయట కూడా అంతే. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. ఇన్నేళ్ళయినా మా యజమానికి నేను "ఏమ్మా"నే. కొత్త అద్దాలు ఎవరికి నప్పుతాయో చెప్పాలన్నా, కొన్నవాళ్ళకు టీ అందించాలన్నా, "ఏమ్మా!" అని ఒకే కేక.

అక్కడ అద్దాలు బిగించే అమ్మాయే నాకు వీడియోలు అతికించే ఓ సాఫ్ట్‌వేర్ గురించి చెప్పింది. "ఊరికే ఇస్తారక్కా, దింపుకోవడమే," అంది. ఊరికే అనగానే ఏదో మోసం ఉండే ఉంటుందనుకున్నాను. లేదు. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో రాసి అందరికీ పంచిపెట్టారట. కావాలంటే ఎవరైనా లోపల ఏముందో విప్పి చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు. మొదటి రోజు అది నన్ను ఏడిపించింది. కత్తెర గుర్తు నొక్కితే కావలసిన ముక్క పోయి అక్కర్లేనిది మిగిలేది. ఒకసారి ఉన్నట్టుండి మూతపడింది. చేసిందంతా పోయిందనుకున్నాను గానీ, మళ్ళీ తెరిస్తే తనే దాచిపెట్టిన నా పనంతా నా ముందు పరిచింది. అప్పుడే దాని మీద మమకారం పుట్టి, ఎవరు చేశారో చూద్దామని ఇంకో గుర్తు నొక్కాను. పేర్లు. కిందికి జరుపుతున్నకొద్దీ పేర్లే. రాసినవాళ్ళవి, తప్పులు దిద్దినవాళ్ళవి, చివరికి ఆ బుల్లి కత్తెర బొమ్మ గీసినామెది కూడా. ఊరికే పనిచేసినవాళ్ళ పేర్లు కూడా రాసిపెట్టేవాళ్ళు లోకంలో ఉన్నారన్నమాట! చివరి పేరు దాకా చదివాను.

తర్వాత చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వీడియోల్లో పడ్డాను. మా అమ్మాయి మొదటి పుట్టినరోజు. కేకు, కొవ్వొత్తి, కత్తి పట్టుకున్న నా చెయ్యి, వెనక నుంచి మా ఆయన గొంతు: "పక్కకి జరుగు, అడ్డొస్తున్నావ్." సముద్రం ఒడ్డున మామగారు దర్జాగా నిలబడ్డారు. ఆయన చెప్పుల్లో ఇసుక దులుపుతూ నేను. "పక్కకి జరుగు." కొత్త ఇంట్లో చేరిన రోజు బీరువా సొరుగు మోస్తూ గుమ్మంలో ఇరుక్కుపోయాను. "అబ్బా, పక్కకి జరగవోయ్!" కుర్రగొంతు కాస్తా రానురానూ బొంగురుపోయింది, మాట మాత్రం మారలేదు. ముందు పగలబడి నవ్వుకున్నాను. ఆపైన ఇంకొకటి కనిపించి నవ్వు ఆగిపోయింది. ప్రతి వీడియోలోనూ నా వెనక ఇంకో మనిషి జరుగుతోంది. మా అత్తగారు. ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. కెమెరా కనపడగానే తనంతట తానే గోడవారకు తప్పుకునేవారు.

తెర మీద శబ్దం చిన్న చిన్న గుట్టల్లా కనపడుతుంది. కత్తెరతో ఆయన గొంతున్న గుట్టలు కోసి పారేస్తే పాటలు పెట్టుకోవచ్చు. నేను వాటినే ఏరి వరసగా పేర్చాను.

నా ఇయర్‌ఫోన్ ఒకటి లాక్కుని భుజం మీంచి తొంగిచూసిన మా అమ్మాయి నోరు నొక్కుకుంది. "అమ్మా, నాన్న ఏడుస్తాడే!"

"నవ్వుతార్లే. నవ్వకపోతే నువ్వు చక్కిలిగింతలు పెట్టు."

"అయిందా? ఓసారి చూపించు," అని ఆయన రెండుమూడుసార్లు అడిగాడు. "అందరితో పాటే చూడండి," అన్నాను. ఆయన మాటకు నేను అడ్డు చెప్పడం ఇంత తేలికని నాకూ తెలియదు.

పెళ్ళిరోజు నాడు ముందుగదిలో గోడకు దుప్పటి కట్టి సినిమా వేశాం. మొదటి "పక్కకి జరుగు"కు అందరికంటే గట్టిగా మా ఆయనే నవ్వాడు. మూడోదానికి చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత తల గోక్కుంటూ నా వైపు చూశాడు. అత్తగారు మాత్రం తాపీగా, "వీడు నయం. మీ మామగారు కెమెరా లేకుండానే అనేవారు," అన్నారు. గది గొల్లుమంది.

చివర పేర్లు వచ్చాయి. కెమెరా అని మా ఆయన పేరు పెద్ద అక్షరాల్లోనే వేశాను, అన్యాయం చెయ్యలేదు. ఆ కింద వంట, ఉతుకు, జ్వరమొచ్చిన పిల్లను ఎత్తుకు తిప్పడం, ఫ్రేములోంచి తప్పుకోవడం. అన్నిటికీ ఎదురుగా అత్తగారి పేరు, నా పేరు, పుట్టింటి ఇంటిపేర్లతో సహా.

"అమ్మ పేరు ఇంత పొడుగా!" అంది మా ఆడపడుచు.

"ఆపమ్మాయ్, ఆపు!" అంటూ అత్తగారు లేచారు. కళ్ళజోడు సర్దుకుని దుప్పటి దగ్గరికంటా వెళ్ళి నిలబడ్డారు. అక్షరాలు ఆవిడ భుజాల మీద పడ్డాయి.

"ఏయ్, కనపడ్డం లేదు, కాస్త పక్కకి..." అన్న మామగారు గతుక్కుమని నాలుక కరుచుకున్నారు.

"జరగను," అన్నారు అత్తగారు, వెనక్కి తిరక్కుండానే.

మర్నాడు ఉదయం నేను పక్క దులుపుతుంటే గుమ్మంలో గాజు గ్లాసులు గలగలమన్నాయి. మా ఆయన. ఎవరూ అడక్కుండానే టీ పెట్టి, సగం పళ్ళెంలోనే ఒలకబోసి తెచ్చాడు. మొహంలో గెలిచి వచ్చిన వీరుడి వెలుగు.

"వీడియో తియ్యవా? మొదటిసారి పెట్టాను!"

ఫోను దిండు పక్కనే ఉంది. దాన్ని అక్కడే వదిలేసి, గ్లాసు అందుకుని ఓ గుక్క తాగాను. చక్కెర ఎక్కువైంది.

"దేనికండీ? రేపూ మీరేగా పెట్టేది," అన్నాను.