మడత కొలత

టేపు గారు లేవగానే చేసే మొదటి పని మెడలో టేపు వేసుకోవడం. మొహం కడుక్కోవడం కూడా దాని తర్వాతే. నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషికి మెడ బోసిగా ఉంటే చలేస్తుంది మరి. ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ తెలీదు. తెలిసిన ఒక్క మనిషీ ఆరేళ్ల కింద పోయింది. ఆవిడైనా పిలిచేది ‘ఏవండీ’ అనే కాబట్టి, ఆ పేరు వాడకం లేక ఎప్పుడో తుప్పు పట్టింది.

భార్య పోయిన దగ్గర్నుంచీ ఆయన ఇల్లు తగ్గడం మొదలుపెట్టింది. ఒంటరిగా మిగిలినవాళ్ల ఇళ్లు తగ్గడం ఆ వీధికి కొత్తేం కాదు. వీధి చివరి ముసలి గుమాస్తా గారి ఇల్లయితే తగ్గీ తగ్గీ బీరువా అంత అయింది. ఆయన పోయాక మేనల్లుడొచ్చి దాన్ని వ్యాను ఎక్కించుకుని పోయాడు. ఇంటిపన్ను ఆఫీసు మనిషి ఏటా వచ్చి గోడకీ గోడకీ కొలుచుకుని, “ఈసారి కూడా మీకు పన్ను తగ్గుతుంది సార్” అని శుభవార్త చెప్పినట్టు చెప్పి పోతాడు.

టేపు గారి ఇల్లు ఆరు నెలలకో బెత్తెడు తగ్గేది. రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి మూడు గదులు. కొత్తలో పది అడుగుల వెడల్పు, అంటే సరిగ్గా రెండు టేపులు. ఇప్పుడు ఒక టేపూ, పైన ఇరవై అంగుళాలూ. కొలిచిన ప్రతిసారీ టేపు రెండో కొస మీద ఇస్త్రీ పెట్టె బరువు పెట్టేవాడు. పూర్వం పొడుగు గుడ్డలు కొలిచేటప్పుడు ఆ కొస భార్య పట్టుకునేది. ఇస్త్రీ పెట్టె కూడా బాగానే పట్టుకుంటుంది గానీ, “ఎంత వచ్చిందండీ?” అని అడగదు.

ముందు గదిలో గుడ్డ కత్తిరించే బల్ల ఒక పక్క గోడకి ఆనుకుపోయింది. రెండో పక్క, మిషనుకీ బల్లకీ మధ్య, ఆయన పక్కకి తిరిగి నడవాలి. ఇంకో ఏడాదికి ఆ దారీ మూసుకుపోతుంది. బల్ల తీసేస్తే పని లేదు. పని లేకపోతే గుమ్మం తొక్కే మనిషి లేడు. ఆ తర్వాత ఇల్లు ఎంత జోరుగా తగ్గుతుందో గుమాస్తా గారి విషయంలో వీధంతా చూసింది.

ఇల్లు తగ్గేది ఎప్పుడూ పక్కింటి నర్సు వైపు నుంచే. ఆవిణ్ణి అందరూ సిస్టరు గారంటారు. ఆవిడ తల్లి పోయి తొమ్మిదేళ్లయింది. ఆవిడ ఇల్లు ఈయన వైపు నుంచి తగ్గుకుంటూ పోయి అయిదడుగుల దగ్గర, అంటే ఒక్క టేపు దగ్గర ఉంది. ఒకప్పుడు గోడకి గోడ ఆనుకున్న రెండిళ్ల మధ్య ఇప్పుడో సందు. పాత హద్దు చెరిగిపోకుండా ఎవరో మధ్యలో ఇటుకలు వరసగా పాతారు. ఎవరి సగం వాళ్లు ఊడ్చుకుంటారు. ఊడుస్తూ ఎదురుపడితే “బాగున్నారా?” “ఆఁ, బాగున్నాం.” ఇద్దరూ ఒంటరివాళ్లే, అయినా ఇద్దరూ ‘బాగున్నాం’ అనే అనేవాళ్లు. ఆరేళ్లలో అంతకు మించి మాట పెరగలేదు.

అలాంటి మనిషికి కారు మీద మనసు పోయింది. తను కుట్టే ఆస్పత్రి యూనిఫాంల మూటలు స్కూటరు మీద మోయలేక మోకాళ్లు పోతున్నాయని అందరికీ చెప్పాడు. అది అబద్ధం కాదు. అసలు కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

“ఇది కాంపాక్ట్ ఎస్‌యూవీ అంకుల్. కూర్చోడానికి పెద్దది, పార్కింగుకి చిన్నది,” అంది షోరూములో అమ్మాయి.

“రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయమ్మా?”

“అదే కదా అంకుల్ దీని గొప్ప! ఎక్కండి, నడిపి చూడండి.”

సీటు ఎత్తుగా ఉంది. మోకాలు వంచకుండానే ఎక్కేశాడు. అమ్మాయి పక్క సీట్లో కూర్చుని, “ఎడమకి తిప్పండి అంకుల్... ఆ గుంట చూశారా, ఏమైనా తెలిసిందా? అబ్బ, భలే నడుపుతున్నారే!” అంటూ పోయింది. ఎక్కిన ప్రతివాడితోనూ అలాగే అంటుందని ఆయనకి తెలుసు. తెలిసినా బాగుంది. దగ్గరి దారి వదిలేసి చుట్టు తిరిగి వచ్చాడు. ఆ పాతిక నిమిషాల్లో ఆయన మాట్లాడినన్ని మాటలు అంతకు ముందు నెలంతా కలిపినా మాట్లాడలేదు.

దిగాక గొంతు తగ్గించి అడిగాడు. “అమ్మా, ఇది తగ్గదు కదా?”

“తగ్గదు అంకుల్. ఫిక్స్‌డ్ రేటు.”

“రేటు కాదమ్మా. వెడల్పు.”

“ఓ, అదా! ఇనుము కదా అంకుల్, తగ్గదు. ఒక్కళ్లే ఉండే కస్టమర్లందరూ అదే అడుగుతారు.”

“వెనక సీట్లు మడిస్తే... ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చా?”

అమ్మాయి నవ్వు కాస్త తగ్గింది. “కొంచెం ఏటవాలుగా పడుకోవాలి అంకుల్,” అని మెల్లగా చెప్పింది. ఆయన కారణం అదే. ఇల్లు పూర్తిగా అయిపోయాక ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

బ్రోచరులో కొలతలన్నీ ఉన్నాయని చూపించింది. “ఇంకొకళ్లు తీసిన కొలతకి నేను కత్తెర పెట్టనమ్మా,” అని ఆయన మెడలోంచి టేపు తీశాడు. బానెట్ నడి మధ్య వేలు ఆనించి, అక్కణ్ణుంచి తలుపు అంచు దాకా పట్టాడు. ముప్ఫై అయిదు. కుట్టుకి రెండంగుళాలు వదిలి, ముప్ఫై ఏడు అని చేతి మీద రాసుకున్నాడు. కొలత అంగుళం కూడా తప్పు లేదు. వచ్చిన చిక్కల్లా ఆయన చేతికి ఉన్న నలభై ఏళ్ల అలవాటుతోనే.

ఇంటికొచ్చి గోడకి గోధుమరంగు కాగితం అంటించి, నిలువుగా గీత గీసి, ఒక పక్క ‘బాగు’, రెండో పక్క ‘బాగోదు’ అని రాశాడు. బాగు కింద ఎత్తు సీటు రాశాడు. డిక్కీలో ఎనిమిది మూటలు పడతాయని రాశాడు. వెనక్కి తోలేటప్పుడు తెర మీద బొమ్మ కనిపిస్తుంది, గుంటలు తెలియవు. ‘తగ్గదు’ అని రాసి కింద గీత పెట్టాడు. ‘సీట్లు మడిస్తే మనిషి పడుకోవచ్చు’ అని చిన్న అక్షరాల్లో రాశాడు. బాగోదు కింద మైలేజీ అంతంత మాత్రం అనీ, వెనక అద్దం ఇరుకు అనీ, మధ్య సీటువాడికి మోకాళ్లు పట్టవనీ రాశాడు. మధ్య సీటులో కూర్చునేదెవరని తన్ను తనే అడిగి, అది కొట్టేశాడు. చివరికి ‘అయిదు సీట్లు’ అన్నది మిగిలింది. సుద్దముక్క పట్టుకుని ఎంతసేపు నిలబడినా అది ఏ పక్క రాయాలో తేలలేదు. రెండు పక్కలా రాసేశాడు.

ఆ తర్వాత సందులోకి వెళ్లి తన గోడ నుంచి ఇటుకల దాకా కొలిచాడు. నలభై. కారు ముప్ఫై ఏడు. మూడంగుళాలు మిగులు! కంటికి కాస్త అనుమానం కలిగిన మాట నిజమే. కానీ కంటిని నమ్మి ఎన్నో చొక్కాలు పాడుచేశాడు గానీ, టేపుని నమ్మి ఒక్కటీ పాడుచెయ్యలేదు. మర్నాడే వెళ్లి కారు ఖాయం చేసుకున్నాడు.

కారు ఇచ్చే రోజు షోరూములో ఫొటో తీస్తారు. ఆయన ముందు వచ్చినవాళ్లు తొమ్మిది మంది, ఫొటోలో పట్టక ఇద్దరు బానెట్ మీదికి వంగారు. ఆయన వంతు రాగానే, “ఫ్యామిలీ వస్తున్నారా అంకుల్, ఆగమంటారా?” అని అడిగింది అమ్మాయి. ఎవరూ లేరని చెప్పలేక, “వాళ్లకి ఇవాళ కుదర్లేదమ్మా,” అన్నాడు. ఫొటోలో ఒక చేయి కారు మీద, ఒక చేయి టేపు మీద వేసి నిలబడ్డాడు. జీవితంలో అంత వెలితిగా ఆయనకి ఎప్పుడూ అనిపించలేదు.

ఇంటి ముందు కారు సందులోకి తిప్పబోయి టక్కున ఆపాడు. ముక్కు దూరింది గానీ, అటు చక్రం ఇటుకల అవతలికి, పూర్తిగా సిస్టరు గారి సగంలోకి పోయేలా ఉంది. దిగి కొలిచాడు. ఈసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా. డెబ్భై. అప్పుడు వెలిగింది. గుడ్డని ఎప్పుడూ మడిచే కోస్తారు. కొలత ఎప్పుడూ సగానికే రాసుకుంటారు. నిండు కారుని ఆయన మడత కొలత తీసుకుని వచ్చాడు.

మళ్లీ ఎక్కి, ఇంజను ఆపి, స్టీరింగు పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. వాపసు తీసుకోరు. వీధిలో పెడితే చెత్త బండి తిరగదు. అన్నిటికన్నా సిగ్గేసింది. ‘పడుతుందా?’ అని ముందే అడిగే మనిషి ఇంట్లో ఒకరుంటే ఈ పొరపాటు జరిగేదే కాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అద్దం మీద ఎవరో తట్టారు. సిస్టరు గారు. డ్యూటీ దిగి వస్తోంది, భుజాన సంచీ ఉంది.

“కారు కొన్నారా టేపు గారూ! ఏం, లోపలికి పెట్టరా?”

“పట్టట్లేదండీ. కొలత... సగమే తీశాను.”

“సగమేమిటండీ?”

“అలవాటండీ. గుడ్డ మడిచి కోస్తాం కదా. విప్పితే రెండో సగం దానంతటదే వస్తుంది.”

ఆవిడ కారు వంకా ఇటుకల వంకా చూసి, ముందు పెదవి బిగపట్టి, తర్వాత ఆపుకోలేక నవ్వేసింది. “ఈసారి రాలేదుగా!”

“రాలేదండీ.”

ఆరేళ్లలో ఆయన ఎవర్నీ ఏదీ అడగలేదు. అడగడం ఎలా మొదలుపెట్టాలో కూడా మర్చిపోయాడు. “సిస్టరు గారూ, మీ వైపు కాస్త... మీకు అభ్యంతరం లేకపోతేనే... చోటు...”

ఆవిడ సంచీ గోడవారగా పెట్టింది. కొంగు బిగించి, ఒంగి, మొదటి ఇటుక ఊడబెరికింది. ఆయన గబగబా దిగి రెండోది పట్టుకున్నాడు. పద్నాలుగు ఇటుకలు. చివరిది లాగాక ఆవిడ సందు చివర నిలబడి, “రండి... రండి... అద్దాలు మడవండి... ఇంకొంచెం... ఆఁ, చాలు!” అని చేతులూపింది. ఆయన గోడ వైపు తలుపు తెరుచుకునే చోటు లేదు. డ్రైవరు తలుపు తెరిస్తే దిగేది ఆవిడ వంటింటి కిటికీ ముందే.

“రేపు పొద్దున ఆస్పత్రికి మూటలు తీసుకెళ్లాలి. మీకూ డ్యూటీ ఉంటే...” అన్నాడు, కిటికీ ఊచల్ని చూస్తూ.

“బస్సు కోసం ముప్పావుగంట నిలబడతాను రోజూ,” అందావిడ.

అలా మొదలైంది. వీధిలోకి తీశాక ఆవిడ ఎక్కేది. బెల్టు పెట్టుకోవడం మర్చిపోయేది, కారు కుయ్యోమని అరిచేది, “మా హెడ్ నర్సు కన్నా నయం ఇది,” అనేది. మధ్యాహ్నం డ్యూటీ అయితే మధ్యాహ్నం, పొద్దున్న డ్యూటీ అయితే పొద్దున్న. మూటలు లేని రోజు కూడా ఆయనకి ఆస్పత్రి వైపు ఏదో పని ఉండేది. ఒకరోజు యూనిఫాం కొలతకి లోపలికి వచ్చి గోడ మీద కాగితం చదివింది. చిన్న అక్షరాల దగ్గర చాలాసేపు ఆగింది. ఆ సాయంత్రం నుంచి వంటింటి కిటికీలోంచి ఒక గిన్నె ఇటు రావడం మొదలైంది.

ఒకటి మాత్రం ఆయన్ని పీకుతోంది. రానురాను డ్రైవరు తలుపులోంచి దిగడం ఇరుకవుతోంది. గిన్నె పుణ్యమా అని తను లావెక్కాననుకున్నాడు.

ఆరు నెలలు నిండాయి. ఇల్లు కొలిచే రోజు. ఇంకో బెత్తెడు పోతుంది, బల్ల తీసెయ్యాల్సిందే అనుకుంటూ ఇస్త్రీ పెట్టె కోసం చూస్తుంటే, గిన్నె కోసం వచ్చిన సిస్టరు గారు, “ఇటివ్వండి,” అని టేపు కొస అందుకుని గోడకి ఆనించింది. ఆయన సుద్దతో గుర్తు పెట్టుకుంటూ ఇవతలి గోడ దాకా వచ్చాడు.

“ఎంత వచ్చిందండీ?” అందావిడ.

ఆయన వంగి టేపు మీది అంకె చూశాడు.

“ఒక టేపు. పైన... మళ్లీ పట్టుకోండి ఒకసారి.” మళ్లీ పట్టుకుంది. “ఇరవై మూడు.”

“ముందెంత?”

“ఇరవై.”

ఇద్దరూ ఆవిడ ఇంటికి వెళ్లి కొలిచారు. ఒక టేపూ మూడంగుళాలూ. సందులోకి వచ్చి చూస్తే కారుకి అటూ ఇటూ గోడలు దగ్గరకొచ్చి ఉన్నాయి. ఆవిడ వేళ్లు మడిచి లెక్కవేసింది.

“ఇలా అయితే రెండేళ్లకి మీ కారు ఇక్కడ పట్టదు టేపు గారూ.”

ఆయన గదిలోకి వెళ్లి ముందు బల్లని గోడ నుంచి మూడు వేళ్లు ఇవతలికి జరిపాడు. తర్వాత కాగితం మీద చిన్న అక్షరాల వరస అరచేత్తో తుడిచేసి, ఆ చోట రాశాడు: ‘కారు పెట్టుకోవడానికి చోటుండదు.’

ఆవిడ వెనక నుంచి చదివి, “తప్పు పక్క రాశారండీ. అది ‘బాగు’ కింద ఉంది,” అంది.

“లేదండీ,” అన్నాడు టేపు గారు, మెడలోంచి టేపు తీసి ఆవిడ చేతిలో పెట్టేస్తూ. “ఈసారి మడత విప్పే కొలిచాను.”