పాత చర్చి దాకా

జీపు దిగి పరిమళ చెప్పులు తీసి సంచిలో పెట్టుకుంది. గల్ఫ్‌లో రువైస్ అనే ఊళ్లో పన్నెండేళ్లుగా నర్సుగా చేస్తున్నా, సముద్రానికి అవతల ఉన్న ఈ దీవికి రావడం ఆమెకిదే మొదటిసారి. భర్త శాంతరాజు ఇక్కడే మొక్కలకు నీళ్ల పైపులు వేసే పని చేసేవాడు. దీవిలో పదమూడు పద్నాలుగు వందల ఏళ్లనాటి మఠం గోడలున్నాయనీ, పూర్వం యాత్రికులు పడవల్లో వచ్చి చర్చి దాకా నడిచేవారటనీ చెప్పి, మనమూ నడుద్దామనేవాడు. ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరికేది కాదు.

2020 మేలో కరోనా అతన్ని తీసుకుపోయింది. అప్పుడు పరిమళ కూడా జ్వరంతో క్వారంటైన్‌లో ఉంది. అబుదాబిలో సమాధి చేసినప్పుడు అతని తోటి పనివాడు రాజబాబు ఒక్కడే వెళ్లాడు. రాజోలు వైపు మనిషి, హిందువు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారని ఆ సాయంత్రం ఫోనులో అతనే చెప్పాడు. ఊళ్లో అత్తగారికి పరిమళ అదే చెప్పింది. ఆ ముసలామె ఆ ఒక్క మాట పట్టుకుని మూడేళ్లు బతికి, కిందటి నెల పోయింది.

ఇప్పుడు భర్త కోరిక తీరుద్దామని పరిమళ అడిగితే, రాజబాబే ఈ ప్రయాణం ఏర్పాటు చేశాడు. జీపు నడిపే షాహుల్ చివరి కిలోమీటరు ఇద్దర్నీ నడవనిచ్చి, తాను మెల్లగా వెనక వస్తున్నాడు. గులకరాళ్లు అరికాళ్లకు గుచ్చుకుంటున్నాయి. సగం దూరం వెళ్లాక రాజబాబు ఆగిపోయాడు.

"వదినగారూ, ఆ రోజు పాస్టరుగారు రాలేదండి."

పరిమళకు మొదట అర్థం కాలేదు.

తనను తప్ప ఎవరినీ రానివ్వలేదని అతను తల వంచుకుని చెప్పాడు. తెల్ల సూట్లు వేసుకున్న నలుగురు పెట్టె దింపి యల్లా, యల్లా అంటూ తొందరపెట్టారట. ఒక్క నిమిషం ఆగమని బతిమాలి, మిషను బడిలో నేర్చుకున్న పరలోక ప్రార్థన తనే మొదలుపెట్టాడట. సగంలో మాట తట్టలేదు. అంతలో మట్టి పోసి ఖలాస్ అన్నారు.

"మీరు ఒంటరిగా జ్వరంతో ఉన్నారు. ఎలా చెప్పనండి? తర్వాత పెద్దామె కోసం ఊరుకున్నాను."

"నాతో అబద్ధం చెప్పించావు, రాజబాబూ. ఆవిడ దాన్నే నమ్ముకుని పోయింది."

పరిమళ అతన్ని అక్కడే వదిలి గబగబా ముందుకు నడిచింది. పాదం తెగి నెత్తురు వస్తున్నా చూసుకోలేదు.

చర్చి అంటే మోకాలెత్తు గోడలే, పైన నీడకు వేసిన కప్పు. గోడల చుట్టూ కట్టిన తాడు ఇవతల పరిమళ నిలబడింది. వస్తుంటే భర్త కోసం ఏమేమో చెప్పుకోవాలనుకుంది. ఒక్కటీ నోటికి రాలేదు. ఎవరూ లేని చోట, తనవాళ్ల ప్రార్థన తడబడుతూ చదువుతున్న ఈ మనిషే కళ్లముందు కనబడ్డాడు.

వెనకే వచ్చి దూరంగా ఆగిన రాజబాబు వైపు తిరిగి, ఆ ప్రార్థన ఎంతవరకు చెప్పావని అడిగింది. అతను దగ్గరకు వచ్చి చేతులు కట్టుకుని మొదటి నుంచి చెప్పాడు. అదే చోట ఆగిపోయాడు.

అక్కడి నుంచి పరిమళ అందుకుంది. చివరి మాట దాకా గొంతు నిలబడింది. ఆమేన్ అన్నాక ఇక నిలబడలేదు. నేల మీద కూలబడి, మూడేళ్లుగా డ్యూటీల మధ్య దాచుకున్నదంతా ఏడ్చింది. రాజబాబు కాస్త దూరంగా, ఆమెకు ఎండ తగలకుండా నిలబడ్డాడు.