తోడల్లుడు లేని ప్యాకేజీ

తోడల్లుడు తన ఆఫీసులోనే ప్రోగ్రామరుగా చేరినప్పటి నుంచి పెద్దల్లుడికి ఒకటే కడుపుమంట. ఇంట్లో మామగారూ, ఇక్కడ మేనేజరూ ఆ చిన్నవాణ్ణే నెత్తిన పెట్టుకుంటున్నారు. అందుకే ప్రోగ్రామును కస్టమరుకు పంపేందుకు ప్యాకేజీ కట్టే పని తన చేతికి రాగానే, ప్రోగ్రాములో క్లాసులనే ముక్కల్లో దేనికి ఏది అవసరమో చూడకుండా తోడల్లుడు రాసిన క్లాసులన్నీ పీకి పారేశాడు. తన కంప్యూటర్లో నడిపి చూస్తే దివ్యంగా నడిచింది. పీకేసిన క్లాసుల పాత కాపీలు ఆ కంప్యూటర్లోనే ఉన్నాయని తట్టలేదు.

కస్టమరు ముందు తెరవగానే ప్రోగ్రాము చతికిలపడింది. ఫలానా క్లాసు దొరకలేదంటూ తెర మీద తోడల్లుడి క్లాసు పేరే వచ్చింది.

“అది లేకపోతే నడవనని మొరాయిస్తున్న క్లాసు ఎవరు రాశారయ్యా?” మేనేజరు అడిగాడు.

పెద్దల్లుడు ఆ క్లాసు తెరిచి, రాసినవాడి పేరు చూశాడు.

“నేనేనండీ.”