బాలవ్వ పక్కన పెట్టిన కుండ

దవాఖాన మెట్లు దిగేటప్పుడు ఇశ్రాయేలు జేబులో నూట ఎనభై ఆరు రూపాయలున్నాయి. సిద్దిపేట బస్టాండు దగ్గర చాయ్ డబ్బా పెట్టాలని కూడబెట్టిన సొమ్ము అది. ఆ పొద్దటి దాకా దానికి ఒక్కటే లెక్క. ఇప్పుడు తల్లి కాలి బొటనవేలు వచ్చి ఆ లెక్కకు అడ్డం నిలబడింది.

అంతకుముందు లోపల డాక్టరు ఆ వేలిని సూదితో పొడిచాడు. బాలవ్వ గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చుంది. మళ్లీ పొడిచాడు.

"అయిపోయిందా సారూ, ఇగ పోవాల్నా?" అని అడిగింది.

"షుగరు దిగకపోతే వేలు తీసెయ్యాలి. వేలుతోనే ఆగుతుందని చెప్పలేను," అన్నాడు డాక్టరు. "అన్నం తగ్గించండి. చక్కెర బందు. వచ్చే నెల చూసి చెప్తా."

రిక్షాలో బాలవ్వ డాక్టరు చీటీ నలుపుతూ కూర్చుంది. ఒళ్లోని సీసాలో నీళ్లు బుడబుడమన్నాయి. రిక్షా సాంబయ్య వెనక్కి తిరిగి, "అవ్వా, ఆ సీసా జర చేతుల పట్టుకో. సీటు కాలుతది," అన్నాడు.

వాడలో అందరికీ తెలిసిన సంగతే. బాలవ్వకు కోపమొస్తే పక్కన పెట్టిన కుండ ఉడుకుతుంది. పొయ్యి అక్కర్లేదు. కిరసనాయిలు దొరకని రోజుల్లో పక్కింటి మున్నీబీ గోడ మీది నుంచి గిన్నె అందిస్తూ, "బాలవ్వక్కా, ఇయ్యాల కోపంల ఉన్నవా?" అని అడిగేది. లేనంటే తనే ఏదో ఒక ముచ్చట తెచ్చి కోపం తెప్పించేది. ఈ లెక్క ఇశ్రాయేలు చిన్నప్పుడే పట్టేశాడు. అరలీటరు పాలకు నల్లా రాలేదన్న మాట చాలు. పప్పు ఉడకాలంటే రేషన్ తూకం గురించి ఎత్తాలి. బొక్కల కూర మెత్తబడాలంటే మాత్రం పాత ఊరి పేరు తియ్యాలి. ఆ పేరు ఇంట్లో ఎవరూ ఊరికే తియ్యరు.

ఆమె ఒంట్లో ఆ వేడి చేరని చోటు ఒక్కటే. కుడికాలి బొటనవేలు. అది ఎప్పుడు ముట్టుకున్నా వాన నీళ్లలో నానిన కట్టెముక్కలా ఉండేది.

మరునాటి నుంచి ఇశ్రాయేలు ఇంట్లో ఒక్కొక్కటే మార్చడం మొదలుపెట్టాడు. చక్కెర లేకుండా, అల్లం దంచి వేసి చాయ్ పెట్టాడు.

"గిది చాయా, గిన్నె గడిగిన నీళ్లా?" అంది బాలవ్వ.

అన్నానికి బదులు గోధుమ రవ్వ వండాడు. ఒక ముద్ద తిని, మిగిలింది కోడికి వేసింది. సాయంత్రం బజ్జీలకు బదులు బొబ్బెర గుడాలు ఉడికించి పెట్టాడు. అవి మాత్రం చివరి గింజ దాకా తిని, మూతి తుడుచుకుని, "మంచిగున్నయి కొడుకా. ఇగ బజ్జీలు తే," అంది.

మున్నీబీ భర్త జలాల్ దర్జీ. ఆయనకూ షుగరుంది. మిషను ఆపి, "జొన్నలు పెట్టు బేటా. పాత తిండే దీనికి మందు," అన్నాడు.

ఇశ్రాయేలు నంగునూరు పోయి పచ్చజొన్నలు తెచ్చి, గిర్నీలో రవ్వ పట్టించాడు. కుండలో రవ్వ, నీళ్లు, ఉప్పు వేసి ముందు తల్లి పక్కన పెట్టాడు. ఆ తర్వాతే పేరు చెప్పాడు.

"గట్క, అవ్వా. కాలుకు మంచిది."

బాలవ్వ కుండలోకి వంగి చూసింది.

"ఏమంటివి?"

"అన్నం తింటే షుగరు ఒక్కపారి ఎక్కుతదట. గిదైతే మెల్లగ..."

"ఇరువై ఏండ్లు తిన్నరా గిదే!" కుండలో నీళ్లు ఒక్కసారిగా పొంగాయి. "నాట్లేసి, కలుపు దీసి, పొద్దుగూకంగ దొర గడి ముంగట నేల మీద కూసుంటే, దొరసాని అరుగు మీద నిలవడి పైకెల్లి ఏసేది. మనల ముట్టుకుంటే మైలైతదని. ఉడుకుడుకు గట్క మోదుగాకుల వడి, ఆకు చినిగి చేతులు కాలేటియి. ఉప్పు గుడ ఎయ్యకపోదురు. లోపటికెల్లి సన్నబియ్యం వాసనొచ్చేది. మీ నాయిన దుబ్బయ్య పానం పొయ్యేటప్పుడు ఏమడిగిండో ఎరికేనా? అన్నం. పిడికెడు అన్నం. నా తాన లేకుండె. ఇయ్యాల ఇంట్ల బియ్యం ఉండంగ నా కడుపున పుట్టినోడే నాకు గట్క పెడుతుండు!"

రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో పూటపూటా అన్నమే. అది తిండి అని ఇశ్రాయేలు అనుకున్నాడు. బాలవ్వకు అది గెలుపు. ఇన్నేళ్ల తర్వాత గెలిచినదాన్ని ఒక డాక్టరు చీటీ మీద రాసి లాక్కుంటుంటే ఆమె ఎట్లా ఊరుకుంటుంది?

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. కుండలో గట్క మాత్రం వెన్నలా ఉడికింది. అంత సమంగా ఏ పొయ్యి మీదా ఉడకదు. వాసనకు జలాల్ గిన్నె పట్టుకుని వచ్చాడు. సల్ల పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తిని, "బస్టాండు కాడ గిది దొరికితే షుగరోళ్లంత నీ తాననే ఉంటరు. ఇడ్లీ తినొద్దు, పూరీ తినొద్దు, మరి ఏం తినాలె మేము?" అన్నాడు.

ఆ మాటతో ఇశ్రాయేలుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కట్టెలు కొనక్కర్లేదు. కిరసనాయిలు అక్కర్లేదు. పొయ్యే అక్కర్లేదు. వారం తిరక్కుండానే బస్టాండు గోడ పక్కన టార్పాలిన్ కట్టాడు. కూర్చోడానికి ఒక బల్ల, తినడానికి స్టీలు తలెలు, సల్లకుండ. "జొన్న గట్క. షుగరు వారికి మంచిది" అని అట్ట మీద రాసి వేలాడదీశాడు. బాలవ్వను కుండ పక్కన పీట వేసి కూర్చోబెట్టాడు.

పొద్దున్నే తలెలో కొంచెం వేసి, "తిను అవ్వా," అనేవాడు. అంతే. ఆ ఒక్క మాటకు కుండ నిండా ఉడికేది.

పంతుళ్లు వచ్చారు, కోర్టు గుమాస్తాలు వచ్చారు, చేర్యాల బస్సు దిగి చీరల వ్యాపారులు వచ్చారు. బాలవ్వ అందర్నీ తిట్టింది. "గట్క గావాల్నా మీకు? నిన్నటి దాంక మూతి ముడుస్తిరి, ఇయ్యాల మందయ్యిందా?" వాళ్లు నవ్వుకుంటూ తిని, ఇంకో గంటె అడిగి, పైసలిచ్చి పోయేవాళ్లు. ఆమె తలె మాత్రం ముట్టిన చెయ్యి లేక అట్లాగే ఉండేది. ఇంటికి పోయి అన్నమే తినేది. వేలు నీలం నుంచి నలుపుకు తిరుగుతోంది.

ఒకరోజు మున్నీబీ వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అరె ఇశ్రాయేలూ, మీ అమ్మ కోపం అమ్ముకుంటున్నవు. మంచి బేరమే. రేపు కాలు తీసేస్తే కోపం ఇంకింత పెరుగుతది గదా. అప్పుడు రెండో కుండ పెట్టుకుంటవా?"

ఇశ్రాయేలు చేతిలోని గంటె కింద పెట్టాడు. రెండో కుండ లెక్క అతని మనసులోకి ఒకసారి వచ్చి పోయింది. ఎందుకు వచ్చిందో తల్చుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. మరునాడు అతను "తిను అవ్వా" అనలేదు. మూతపెట్టిన కుండ పక్కన కూర్చుని, పొయ్యి రాళ్లు ఎక్కడ దొరుకుతాయా అని ఆలోచిస్తున్నాడు.

అప్పుడే తెల్లకారు వచ్చి ఆగింది. డ్రైవరు తలుపు తీశాడు. జరీ అంచు చీర కట్టుకున్న పెద్దావిడ వాచిన పాదాలతో మెల్లగా దిగి వచ్చి బల్ల మీద కూర్చుంది.

"ఇక్కడ గట్క మంచిగుంటదని మా డాక్టరే చెప్పిండు," అంది. "ఒక తలె పెట్టవయ్యా."

బాలవ్వ పీట మీద నిటారుగా లేచి కూర్చుంది. ఆమె చూపులోనే ఇశ్రాయేలుకు తెలిసిపోయింది, వచ్చింది ప్రమీలాదేవి అని. గడి అరుగు మీది దొరసాని.

ప్రమీలాదేవి మాత్రం గుర్తుపట్టలేదు. కుండ వంక చూసి నవ్వింది. "మా ఇంట్ల గూడ అండేటోళ్లు, పనోళ్లకు. మేమెన్నడు నోట్లె పెట్టలే. ఏందో, షుగరొచ్చినంక అన్నీ తినవడితిమి."

పచ్చి రవ్వ ఉన్న కుండ కుతకుత ఉడకసాగింది. తలెలు ముట్టుకోలేనంత వేడెక్కాయి. పక్క డబ్బాలో చాయ్ దానంతట అదే పొంగింది. చాయ్ వీరయ్య గిన్నె దించుకుంటూ, "బాలవ్వా, జర మెల్లగ! పాలిరుగుతయి!" అని అరిచాడు. ఆగిన బస్సు ముందుభాగం నుంచి పొగలు లేచాయి. డ్రైవరు విసుక్కుంటూ నీళ్ల డబ్బా తెచ్చుకున్నాడు.

బాలవ్వ లేచి నిలబడి, గంటె నిండా గట్క తీసి చెయ్యి పైకెత్తింది. ప్రమీలాదేవి బల్ల మీద, ఆ గంటె కింద, కొంగుతో తలె పట్టుకుని కూర్చుంది. గంటె అంత ఎత్తున ఆగింది.

బాలవ్వ చెయ్యి దించింది. దొరసాని చేతిలోని తలె తీసుకుని బల్ల మీద పెట్టి, మెల్లగా వడ్డించింది. సల్ల పోసింది. తర్వాత ఇంకో తలెలో తనకు వేసుకుని, కుంటుకుంటూ వచ్చి, అదే బల్ల మీద ఆమె పక్కన కూర్చుంది.

ప్రమీలాదేవి అలవాటు కొద్దీ కొంగు దగ్గరకు లాక్కుని పక్కకు జరిగింది.

"ఏడికి జరుగుతవు?" అంది బాలవ్వ. "జాగ మస్తుంది. కూసో."

"నువ్వు... ఎవరింటిదానివి?"

"దుబ్బయ్య పెండ్లాన్ని."

"ఏ దుబ్బయ్య?"

బాలవ్వ చేతిలోని ముద్ద పొగలు కక్కింది. "మీ తాన ఎంతమంది దుబ్బయ్యలు సచ్చిన్రు, ఏ దుబ్బయ్య అని అడుగుతున్నవు? తిను. మీ ఇంటి గట్కల ఉప్పుండకపోయేది. గిండ్ల ఉన్నది. చూసుకో."

ప్రమీలాదేవి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు తెలిసిందో, ఇంకేం తెలిసిందో, తల మాత్రం ఎత్తలేదు. బాలవ్వ కూడా తిన్నది. కాలం మొత్తాన్ని నమిలినట్టు నమిలి మింగింది. బల్ల మీద కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసి, దొరసాని మోచెయ్యికి మోచెయ్యి తగులుతుంటే, తలె ఖాళీ అయ్యేదాకా తిన్నది. మొదటిసారి ఆమె కోపం కుండలోకి పోలేదు. గొంతు దిగింది, కడుపు దిగింది, మోకాలు దిగింది.

"అవ్వో!" అని కాలు పట్టుకుంది.

"ఏమైందే?" ఇశ్రాయేలు ఉరికాడు.

"వేలు! బొటనవేలు మండుతుందిరా! నిప్పు దొక్కినట్టుంది!"

అతను కూలబడి ఆ వేలు పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది.

తెల్లకారు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. ఆ రోజు నుంచి బాలవ్వ రెండు పూటలా గట్కే తిన్నది. ఇంట్లో కాదు, బల్ల మీద. ఎవరు వచ్చినా పక్కన కూర్చోబెట్టుకుని, తిడుతూ తిన్నది. నెల తిరిగాక డాక్టరు సూది ఆనించీ ఆనించకముందే, "నీ చెయ్యిరగ! మనిషి కాలనుకున్నవా, బియ్యం మూటనుకున్నవా?" అని లేచింది. డాక్టరు వేలు ఒత్తి చూసి, కాగితం తిప్పి చూసి, కోత మాట కొట్టేశాడు.

బయటికి వచ్చాక ఇశ్రాయేలు నేల చూపులు చూస్తూ, "అవ్వా, రేపటి సంది స్టౌ పెడత. నిన్ను ఇంక కోపానికి తెచ్చుడు బందు," అన్నాడు.

"నువ్వు తెచ్చేదేందిరా? తలె ముంగట పెట్టి తిను, తిను అంటుంటే నాకెరుక లేదనుకున్నవా?" అంది బాలవ్వ. "కోపం నాది. నువ్వు యాది చేసినా ఉంటది, చెయ్యకున్నా ఉంటది. స్టౌ ఎందుకు దండుగ? ఐతారం నాడు పిడికెడు అన్నం పెట్టు, మీ నాయిన పేరు మీద. కడమ రోజులు గట్కనే తింట. కని ఇంకో బల్ల చెయ్యించు. జనం నిలవడి తింటున్నరు. నా తాన ఒక్కలు గుడ కింద కూసోవద్దు, నిలవడొద్దు."

"ఎంత పొడుగు?"

బాలవ్వ రిక్షా ఎక్కి, కుడికాలు బారుగా చాపి చూసుకుంది. వేళ్లు ఆడించింది.

"నేను గిట్ల కాలు చాపంగ, ఇంకో నలుగురు పట్టాలె."

ఇశ్రాయేలు జేబులోంచి దారం తీసి, ఆమె నడుం నుంచి బొటనవేలి కొస దాకా కొలిచి ముడి వేశాడు. దానికి ఇంకో నలుగురి జాగా కలిపి ఇంకో ముడి వేశాడు. సాంబయ్యను ఇంటికి పొమ్మని చెప్పి, తను బల్లలు చేసే వడ్ల సిద్ధయ్య కొట్టం వైపు తిరిగాడు.