ముద్రకు చోటేదీ

మా మరిది ప్రేమగా "అన్నయ్యా" అన్నాడంటే మా ఇంట్లోంచి ఏదో ఒకటి పోతుందని అర్థం. ఈసారి పోబోతున్నది మా ఆయన ఉద్యోగం.

మా ఆయన సర్కారు అడవిలో ముదిరిన చెట్లు ఎంచి, ఒక్కోదాని మొదలు మీద సుత్తితో ముద్ర కొడతారు. ముద్ర ఉన్నవే కొయ్యాలి. ఏటి గట్టును పట్టుకుని ఉన్నవాటి జోలికి పోకూడదు. కోత కాంట్రాక్టు మరిదిది. ఒడ్డునే ముద్ర లేని మూడు చెట్లు కోసేసి, మర్నాడు తనిఖీ అనగా వచ్చి కూర్చున్నాడు. కోయగా మిగిలిన మొదళ్ళకు ఇప్పుడైనా ముద్ర కొట్టమంటాడు. చిన్నప్పుడు అన్న తనను ఎత్తుకుని తిరిగిన సంగతి గుర్తుచేశాడు. ఇంకా దించలేదని నేను గుర్తుచేశాను.

"నువ్వు మధ్యలో రాకు వదినా. ఇది అన్నదమ్ముల విషయం."

"జీతం మాత్రం ఇంటి విషయం, బాబూ."

తమ్ముడి దగ్గర మా ఆయన వెన్నపూస. ఎవరి మొహమూ చూడకుండా సుత్తి తీసుకున్నారు. నేనూ చెప్పులేసుకున్నాను. జీపులో సుత్తి మా ఆయన ఒళ్ళో ఉన్నా, కొట్టింది మాత్రం మరిదే. ఆడపెత్తనం ఉన్న కొంపలు బాగుపడవని దారి పొడుగునా స్టీరింగుకు చెబుతూ వచ్చాడు.

ఒడ్డున అప్పుడే మట్టి జారుతోంది. మా ఆయన సుత్తి ఎత్తి, అలాగే ఆగిపోయారు. జానెడు మొదలు వదిలి కొయ్యాలని రూలు. మరిది పిడికెడు కలప కూడా అడవికి వదిలే రకం కాదు, నేలమట్టంగా కోయించాడు. మొదటికే మోసం అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను.

"పైనే కొట్టెయ్ అన్నయ్యా."

కోసిన ముఖం మీద ముద్ర పడితే, కోశాకే కొట్టారని పసిపిల్లాడికైనా తెలుస్తుందన్నారు మా ఆయన. సుత్తి సంచిలో పెట్టి, ఆఫీసుకు ఫోన్ చేసి మూడు చెట్ల సంగతీ చెప్పేశారు.

మరిది అన్నను వదిలి నా మీద పడ్డాడు. కాపురానికొచ్చిన రోజే అన్నదమ్ముల మధ్య రంపం పెట్టానట.

"రంపం నీదే నాయనా. జానెడు పైన పెట్టాల్సింది."

జీపు వేసుకుని వెళ్ళిపోయాడు. మేం నడిచి వచ్చాం. దారిలో ఆయన వెనక్కి తిరిగి చూడకుండా, నాకు పదడుగులు ముందే నడిచారు. ఉద్యోగం దక్కిన మగాడికి ఆ మాత్రం కోపం ఉండాలి కాబోలు.