బొప్పాయి బిస్కెట్లు

పొద్దున లేస్తే నర్సింహమ్మకు తురుముడు పనే. క్యారెట్ తురిమి, గుమ్మడిముక్క ఉడికించి మెదిపి, ఆపిల్ గింజలు తీసి సన్నగా కోసి గోధుమపిండిలో కలుపుతుంది. ఉప్పు వేయదు, చక్కెర వేయదు, ఉల్లిగడ్డను ఆ గిన్నె దగ్గరికే రానీయదు. కుక్కలకు పడవు. ముద్దను చపాతీలా ఒత్తి, డబ్బా మూతతో గుండ్రంగా కోసి ఓవెన్‌లో పెడుతుంది. ఈ పని నేర్పిందీ, పాత ఓవెన్ ఇచ్చిందీ తహ్రీమ్ మేడం. అమీన్‌పూర్‌లో ఆమె ఇంట్లోనే నర్సింహమ్మ గిన్నెలు తోమేది. ఇప్పుడు అక్కడి అపార్ట్‌మెంట్లలోనే అమ్ముతుంది, ఆ కుక్కలకు ఈ బిస్కెట్లంటే ప్రాణం.

విరిగిపోయినవి మాత్రం కర్రోడికి.

కర్రోడు ఫ్యాక్టరీ గేటు కాడి నల్లకుక్క. అక్కడ పనిచేసే నర్సింహమ్మ మొగడు పెంటయ్య మధ్యాహ్నం టిఫిన్ విప్పితే సగం వాడికే పెట్టేవాడు. పెడుతూ మనసులో మాట చెప్పుకునేవాడు. ఇంట్లో మాత్రం నోరు విప్పని మనిషి. ఒకరోజు ట్యాంకు కడగడానికి లోపలికి దిగి, అందులోని విషగాలికి సొమ్మసిల్లి, మళ్లీ లేవలేదు.

దినాలు అయిన మర్నాడు కర్రోడు వాసన పట్టుకుంటూ బీరంగూడ దాకా వచ్చి వీళ్ల గడపలో పడుకున్నాడు. నర్సింహమ్మ ఒక క్యారెట్ బిస్కెట్ వేసింది. వాడు తిని, మూతి నాక్కుని, పెంటయ్య గొంతుతో అన్నాడు: "ఇయ్యాల క్యారెట్ కూర మంచిగైంది రా. గని దానికి చెప్పలే. చెప్తే మురుస్తుండె."

నర్సింహమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కింటి అనీస్ బేగం గోడ మీదినుంచి తొంగి చూసి, "పెంటయ్య గొంతు జెర బొంగురు పోయింది గదా, సర్ది అయిందా?" అని అడిగింది.

వాడకు అలవాటైపోయింది. ఏ కూర రుచి తగిలితే, ఆ కూర తిన్న రోజు పెంటయ్య చెప్పుకున్న ముచ్చట బయటికొచ్చేది. గుమ్మడి బిస్కెట్ తిని కిరాయి పెంచిన ఇంటాయనను తిట్టాడు. సొరకాయది తిని, "మోకాళ్లు గుంజుతున్నయ్ రా. ఇంట్ల తెలిస్తే పరేషానైతది" అన్నాడు. బీట్‌రూట్‌కు ఉత్తగా నిట్టూర్చాడు. ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పడు. రోజులు గడిచేకొద్దీ ముచ్చట్లు అడుగంటాయి.

అప్పుడే కాంట్రాక్టరు నుంచి కబురొచ్చింది. తండ్రి జాగలో కొడుకు రాజశేఖర్‌ను తీసుకుంటాం, సోమవారం రమ్మని. వెంట ఫ్యాక్టరీ నీలం చొక్కా కూడా పంపాడు.

"పోతనే అమ్మా," అన్నాడు రాజశేఖర్. "ఇంకేం చెయ్యాలె?"

"ఏం పనంట?"

"నాయిన పనే."

పొమ్మనడానికి నర్సింహమ్మకు నోరు రాలేదు, వద్దందామంటే ఇంట్లో బియ్యం లేవు. ఆఖరి రోజు మొగడు ఏం చెప్పుకున్నాడో అదొక్కటి వింటే చాలనిపించింది. కానీ ఆ రోజు టిఫిన్ ఆమె కట్టలేదు. తమ్ముని బిడ్డ కాన్పని ముందురోజే కంది అనే ఊరికి పోయింది. బెండ, దోస, చిలగడదుంప, తోచినవన్నీ పిండిలో కలిపి చూసింది. కర్రోడు తోకాడించాడే తప్ప మాట్లాడలేదు.

ఆదివారం గేటు దగ్గరికి పోయింది. ఎదురుగా సాదుల్లా పండ్ల బండి.

"భాయ్, ఆ రోజు మా ఆయన ఏం తిన్నడో యాదికున్నదా?"

"ఎట్ల మరుస్త చెల్లె? టిఫిన్ తేలేదు. నా కాడ బొప్పాయి కోయించుకున్నడు. సగం కుక్కకేసిండు." ఒక పండు ఏరి ఆమె సంచిలో పెట్టి, సాదుల్లా మొఖం తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చి తొక్క తీసింది. గింజ ఒక్కటి లేకుండా గీకింది. గుజ్జు జారుగా ఉండి పిండి ఎక్కువ పట్టింది. మొదటి వాయి మాడిపోయింది. రెండో వాయి దిగినంక కొడుకును పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఊది ఊది చల్లార్చి కర్రోడి ముందు పెట్టింది.

వాడు వాసన చూసి మూతి పక్కకు తిప్పుకున్నాడు. కాసేపటికి తనే వచ్చి నెమ్మదిగా నమిలాడు.

"లోపల గాలి మంచిగ లేదు రా," అన్నాడు పెంటయ్య గొంతుతో. "దిగనన్న. దిగకుంటే రేపటి సంది రావద్దన్నరు. ఇయ్యాల దిగుత. నాకేమన్న అయితే మా రాజుగాణ్ణి పిలుస్తరు, నాకెర్క. వాడు రాకుంటే మంచిగుండు. గని ఎవరు చెప్తరు వానికి? నువ్వు చెప్తవా?"

ఆ తర్వాత చిన్న నవ్వు. అంతే. కర్రోడు ఒళ్లు విదిలించుకుని, వీధిలో పోతున్న బండి మీదికి మొరుగుతూ ఉరికాడు.

సోమవారం రాజశేఖర్ చొక్కా వాపస్ ఇచ్చాడు. కాంట్రాక్టరు ఎందుకని కూడా అడగలేదు. రాజశేఖర్ రోడ్డెక్కేలోపే ఆ చొక్కా ఎవరో బీహార్ పిల్లగాడి ఒంటిమీదికి ఎక్కింది.

మంగళవారం కూలి అడ్డా మీద నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. ఎండెక్కినంక ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, తల్లి ముందున్న పిండి గిన్నె తన ముందుకు జరుపుకున్నాడు.

"ఏం దొరకలేదా?"

"లేదు."

"మరి రేపు?"

"రేపు గూడ పోత."

ఎక్కడికో చెప్పలేదు. ఫ్యాక్టరీకా అని అడగలేక నర్సింహమ్మ అతని మొఖంలోకి చూసింది.

"అడ్డా మీదికే అమ్మా," అన్నాడు పిండి పిసుకుతూ.