గోడ అవతల ప్రింటరు

పార్సిలు ఆఫీసులో అత్తాకోడళ్లిద్దరికీ ఉద్యోగమే. టెర్మినల్ ముందు కూర్చుని చిరునామాలు కొట్టేది అత్తగారు. టెర్మినళ్లకూ ప్రింటర్లకూ వైర్లు లాగి లోపలి గదిలోని పెద్ద కంప్యూటరుకు తగిలించేది కోడలు. ఇంట్లో ఒకరి మాట ఒకరు పడరు గానీ, ఆఫీసులో మాత్రం కోడలి పనితనం గురించి అత్తగారు తెగ ఊదరగొట్టేవారు.

అత్తగారి పక్కనుండే లేబుళ్ల ప్రింటరు ఉందే, దాని గోల పగవాడికి కూడా వద్దు! రోజంతా కరకర, కరకర. జనం గగ్గోలు పెడితే, కోడలు గోడకు బెజ్జం పెట్టించి, పొడవాటి సీరియల్ కేబులు లాగి, దాన్ని పక్కనున్న ప్యాకింగు గదిలోకి తరలించింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. అత్తగారొక్కరే మూతి ముడుచుకున్నారు.

"అది నా పక్కనుంటే నీకేం నొప్పే?"

"మీ చెవుల మంచికే అత్తయ్యా."

అక్కణ్నుంచి మొదలైంది తంటా. ఒకరి బొమ్మల పెట్టె ఇంకొకరి ఇంటికి చేరింది. వీధి నంబర్లు తారుమారయ్యాయి. మేనేజరు కోడల్ని పిలిచి, "మీ అత్తగారు చెయ్యి తిరిగిన మనిషే, కాదనను. కానీ ఇంకొక్క పార్సిలు తప్పిందంటే ఆ సీటు వేరేవాళ్లకి ఇవ్వక తప్పదమ్మా," అన్నాడు.

మామగారు పోయాక ఆ కుర్చీలో కూర్చునే అత్తగారు కొడుకుని పెంచారు. అందులోంచి లేపితే మనిషి మంచం పడతారు.

తప్పంతా తన కేబులుదే అనుకుంది కోడలు. దారిలో అక్షరాలు చెడిపోతున్నాయేమోనని మూతలు విప్పి తీగ తీగనూ పరీక్షించింది. పంపింది పంపినట్టే అచ్చవుతోంది. ఇక మిగిలింది టెర్మినల్ వైరు. పెద్ద కంప్యూటరు దగ్గర కూర్చుని, తిక్క పుట్టి, అత్తగారి తెర మీదికి ఒక వాక్యం పంపింది: మా అత్తయ్య పరమ గయ్యాళి.

ఇక ఆఫీసు కప్పు లేచిపోతుందని నవ్వుకుంటూ తలుపు దగ్గరికి వచ్చింది. తెర మీద ఆ వాక్యం పచ్చగా మెరుస్తోంది. అత్తగారు దాని వంకే చూస్తున్నారు.

"వచ్చిందా అత్తయ్యా?"

"ఆఁ, వచ్చింది. అంతా శుభ్రంగానే ఉంది."

కోడలి నవ్వు నోట్లోనే ఆగిపోయింది. వెళ్లి పక్కన కూర్చుని, "ఏముందో చదవండి," అంది మెల్లగా.

ఆవిడ కాసేపు కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచారు. తర్వాత సొరుగు తెరిచి భూతద్దం చూపించారు.

"తెర మీద అంతా అలుక్కుపోయినట్టుంటుందే. కాగితమైతే దీంతో ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలుస్తుంది. లేబులు రాగానే చింపి, చిరునామా రాసిచ్చిన చీటీతో పోల్చి, తప్పుంటే మళ్లీ కొట్టేదాన్ని. ఇప్పుడది గోడ అవతల వస్తోంది, వాళ్లు అంటించేస్తున్నారు. నా చూపు సంగతి ఆఫీసువాళ్లకి తెలిస్తే ఇంట్లో కూర్చోబెడతారే. నాకు భయంగా ఉంది."

"డాక్టరుకి చూపించుకోవచ్చుగా!"

"ఇక లాభం లేదంటే?"

కోడలికి కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉండి తాను చూసిందేమిటి?

నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లింది. "తప్పు నాదే సార్. ప్రింటరుని అంత దూరం పెట్టకుండా ఉండాల్సింది. పాత చోటికే తెచ్చేస్తాను."

"ఆ మాత్రం ముందే ఆలోచించొద్దా?" అంటూ ఆయన నలుగురిలో చీవాట్లు పెట్టాడు. పనిలో వంక పెడితే ఒంటికాలి మీద లేచే మనిషి, తలొంచుకుని నిలబడింది. అత్తగారు అన్నీ వింటూనే ఉన్నారు.

సాయంత్రానికి ప్రింటరు పాత చోటికి వచ్చింది. మరి పనిచేస్తోందో లేదో చూడాలిగా! కోడలు లోపలికెళ్లి ఒక లేబులు పంపింది. కరకర. అత్తగారు చింపి, భూతద్దం పెట్టి, ముక్కుకి ఆనించి చదివారు.

"ఎవర్తే గయ్యాళి?"

ఆ కేకకి ప్యాకింగు గదిలోవాళ్లు కూడా తొంగిచూశారు. కోడలు నవ్వాపుకుంటూ వచ్చి నిలబడింది. ఆవిడ గొంతు తగ్గించారు.

"ఇందాక తెర మీద కూడా ఇదేనా?"

"ఇదే అత్తయ్యా."

అత్తగారు కళ్లు తుడుచుకుని, లేబుల్ని మడిచి సంచిలో పెట్టుకున్నారు.

"రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. నువ్వు నన్నేమంటున్నావో చదవకుండా ఎన్నాళ్లని ఊరుకోను?"